ఉడుము తోలులో మనిషి

తెర మీద మనోహర్ వీపు చీలింది. చీలిన చోట నల్లటి పొలుసులు ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి. ప్రొద్దుటూరులో ఆ ఉదయం ఆటకు వచ్చిన కుర్రాళ్ళు, అప్పటిదాకా హీరోను ఏడిపిస్తూ ఈలలు వేస్తున్నవాళ్ళు, ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. ఆ నిశ్శబ్దం కోసమే హెప్సిబా నిన్నటి నుంచి సరిగ్గా అన్నం తినలేదు. పక్కన కూచున్న మొగుడు ఫిలిప్ మణికట్టును ఆమె ఎంత గట్టిగా పట్టుకుందంటే, అతను సినిమా చూడటం మాని చెయ్యి విడిపించుకునే పనిలో పడ్డాడు.

"వదలవే తల్లీ, ఆటో తోలే చెయ్యి అది."

"గమ్మునుండు. ఇప్పుడు నేనొస్తా."

తెర మీద తలుపు కిర్రుమంది. గది లోపల మూలుగుతున్న మనోహర్ ఇక కనిపించలేదు. పొట్ట నేలకు ఆనించి, తోక ఈడ్చుకుంటూ, గడప దాటి ఒక ఉడుము బయటికి వచ్చింది. మనిషంత ఉడుము. వెనక వరసలో ఎవరో "అమ్మో" అన్నారు. ఆ మాటకు హెప్సిబా ఒళ్ళంతా పులకరించింది. ఎందుకంటే ఇక్కడి నుంచి సినిమా అయిపోయేదాకా ఆ తోలు లోపల ఉన్నది మనోహర్ కాదు. జమ్మలమడుగులో జాకెట్లు కుట్టే హెప్సిబా.

సినిమా పేరు 'పొలుసు'. రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోతున్న ఊరు ఒకటి. జనం ఖాళీ చేసి పోయాక వాళ్ళ ఇళ్ళ తలుపులు, దూలాలు పీక్కుపోయి అమ్ముకునే ఒకడు రోజురోజుకూ ఉడుముగా మారిపోతాడు. అంతే కథ. ఇడుపులపాయలో ఇంజనీరింగు చదువుకుని, ఉద్యోగానికి పోకుండా కెమెరా పట్టుకున్న ప్రవీణ్ తీశాడు. దుడ్లు పెట్టింది ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి కాశీవిశ్వనాథం, కొడుకు మనోహర్‌ను హీరోగా చూసుకోవాలని.

ఉడుము తోలు కుట్టే పని హెప్సిబాకు వచ్చింది. లారీ ట్యూబులు కోసి, బొత్తాలంత పొలుసులు చేసి, మందపాటి లైనింగు గుడ్డ మీద వరసలు వరసలుగా కుట్టింది. మిషను సూదులు విరిగిపోతుంటే చెప్పులు కుట్టే సూది తెచ్చుకుని చేత్తో కుట్టింది. మనోహర్ కొలతలైతే ఫోన్లో పంపాడు గానీ, వేసి చూసుకోవడానికి ఒక్కసారీ రాలేదు. ఆది జాకెట్టు ఇవ్వకుండా కుట్టమంటే ఏ టైలరమ్మ అయినా ఏం చేస్తుంది? తన ఒంటి మీదే వేసి చూసుకుంటుంది. ఇక్కడ బిగుతైంది, అక్కడ వదులైంది అని సరిచేసుకుంటూ పోయి, చివరికి ఆ తోలును అచ్చంగా తన ఒంటికి కుట్టి కూచుంది. కొండాపురం దగ్గర మండుటెండలో షూటింగు పెట్టుకుంటే అది మనోహర్ భుజాలు దాటలేదు. బలవంతంగా తోస్తే ఊపిరాడక పడిపోయాడు. కుట్లు విప్పడానికి కత్తెర పట్టుకుని నిలబడిన హెప్సిబాను ప్రవీణ్ ఎగాదిగా చూశాడు.

"అక్కా, ఒక్క షాటు" అన్నాడు.

ఆ ఒక్క షాటు సినిమా అంతా అయింది. మనోహర్ వాళ్ళ నాయనకు తెలిస్తే సినిమా మధ్యలో ఆపేస్తాడు, బయట ఎవరితోనూ అనొద్దక్కా అని ప్రవీణ్ బతిమాలాడు. "నాకెందుకు లే నాయనా ఈ సినిమా పేర్లు" అంది హెప్సిబా. ఆ రోజు ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

ఇప్పుడు తెర మీద ఉడుము నీళ్ళ ఒడ్డుకు చేరింది. ఎదురుగా సగం మునిగిన ఇల్లు. ఉడుము వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. నీళ్ళలోకి దిగబోతూ ఆగింది. ముందరి కాళ్ళు రెండూ తొడల మీదికి పోయాయి. అక్కడ లేనిదేదో కూడగట్టుకుని, పైకి లాగి, ఎడమ నడుము దగ్గర దోపుకున్నాయి. అప్పుడు దిగింది.

హెప్సిబా మొగుడి మణికట్టు వదిలేసింది. అట్లా చేసినట్టు షూటింగు రోజున ఆమెకు తెలియనే తెలియదు. చిన్నప్పటి నుంచి పెన్నలో బట్టలు ఉతికిన చేతులు, నీళ్ళు కనబడగానే వాటి పని అవి చేసేశాయి. తడిస్తే తోక జిగురు ఊడిపోతుందని ప్రవీణ్ ఆ షాటు రెండోసారి తీయలేదు. తర్వాత చూసినప్పుడూ అతనికి అందులో ఏమీ కనబడినట్టు లేదు.

"ఏందే అది?" ఫిలిప్ చెవిలో గొణిగాడు. "చీర ఎగదోపుకున్నావా?"

"సినిమా చెడగొడితిని కదయ్యా" అని హెప్సిబా కొంగు మొహం మీదికి లాక్కుంది. వెనక సీట్లలో ఒకామె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఆడవాళ్ళ వరసంతా పాకింది.

ఆట వదిలేసరికి గేటు దగ్గర షరీఫ్ మైకు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. సినిమా చూసి వచ్చినవాళ్ళ అభిప్రాయాలు అడిగి యూట్యూబులో పెట్టడం అతని పని. ప్రొద్దుటూరు జనం సినిమా బాగలేకపోయినా సహిస్తారు గానీ, బాగలేదని చెప్పే అవకాశం మాత్రం వదులుకోరు. మైకు చుట్టూ అప్పుడే తోపులాట మొదలైంది. ఇంటికి పోదాం పా అన్నాడు ఫిలిప్. నువ్వు పోయి ఆటో తియ్యి, వస్తా అని హెప్సిబా సోడా బండి చాటున నిలబడిపోయింది.

"అన్నా, ఫస్టాఫ్‌లో హీరో ఏడుస్తాంటే మాకూ ఏడుపొచ్చింది, టికెట్టు కొన్నందుకు" అన్నాడు చలువ కళ్ళద్దాలవాడు ఒకడు. "ఉడుము వచ్చినాక మాత్రం వేరే లెవెల్. అది గోడెక్కేటప్పుడు నా పాప్‌కార్న్ అంతా ముందు సీటాయన నెత్తిన పోసినా."

హెప్సిబాకు పరుగెత్తుకుపోయి వాడికి ఇంకో పాప్‌కార్న్ కొనివ్వాలనిపించింది.

తర్వాత మైకు పాలయ్యకు అందింది. రిటైరయిన బస్సు కండక్టరు. దొంగ పాసు పట్టుకున్నంత గర్వంగా మొదలుపెట్టాడు. "గ్రాఫిక్సూ లేవు, పాడూ లేవు. తోక కింద దారం కనపడింది నాకు. నీలం దారం."

ఆ దారం సంగతి హెప్సిబాకు బాగా తెలుసు. నల్లది అయిపోతే అంగడికి పోయే ఓపిక లేక నీలందే వేసి కుట్టింది. ఇంత చీకట్లో, ఇంత జనంలో, అది ఈయన కంటే పడాలా అని ఆమెకు ఒళ్ళు మండింది.

"అయితే భయమేయలేదా పెద్దాయనా?" అన్నాడు షరీఫ్.

"దారం కనపడిందని చెప్తాండా కదప్పా. అయినా భయమేసింది. అదే నాకర్థం కాలే."

హెప్సిబా మనసులో ఆయన్ను క్షమించేసింది. ఇంతలో ఇంకెవరో మైకు లాక్కుని, "మనోహరన్న ఇరగదీసినాడు! పొట్ట మీద పాకేదానికి ఎన్ని దినాలు ప్రాక్టీసు చేసినాడో!" అని అరిచాడు. ఎన్ని దినాలు పాకిందో, మోచేతులు ఎట్లా కొట్టుకుపోయాయో చెప్పగలిగిన మనిషి సోడా బండి చాటున నిలబడి చెంగుతో చెమట తుడుచుకుంది. మొట్టమొదటిసారి ఆ పేరు ఆమెకు గుచ్చుకుంది.

అప్పుడు వచ్చింది షాహీదాబీ. బుర్ఖా ముసుగు వెనక్కి తోసుకుని, ఇద్దరు కోడళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, మైకును అడగకుండానే చేతిలోకి తీసుకుంది.

"నా మాట ఇను. ఆ ఉడుము నీళ్ళల్లో దిగేముందు ఏం చేసింది?"

"ఏం చేసింది పెద్దమ్మా?"

"చీర ఎగదోపుకుంది. చూసినావా, లేదా?"

"ఉడుముకు చీర యాడిది?"

"అదే కదా నేను చెప్పేది! చీర లేకున్న్యా దోపుకుంది. నువ్వు మొగోనివి, నీకు కనపడదు. నాకు కనపడింది, నా కోడండ్లకు కనపడింది. ఆ ఉడుము ఆడదప్పా. దాన్ని చూస్తే భయం పోయి, శానా బాధేసింది నాకు. ఎవురి ఇంట్లో బిడ్డో పాపం. రేపు మా అక్కను పిల్చుకోనొచ్చి మళ్ళా చూస్తా."

ఔనౌను, మేమూ చూసినాం అంటూ ఆడవాళ్ళు మైకు చుట్టూ మూగారు. ఒకామె నడిరోడ్డు మీద నిలబడి ఉడుము ఎట్లా దోపుకుందో చేసి చూపించింది. అందరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. తప్పు చేశానని ముడుచుకుపోయిన హెప్సిబాకు ప్రాణం లేచొచ్చింది. ఆటో ఎక్కాక కూడా ఆమె కాళ్ళు ఒకచోట నిలవలేదు.

"నేనే ఆ ఉడుమని చెప్పేద్దామనిపించింది" అంది.

"చెప్పింటే షరీఫ్ ఇంకో వీడియో తీసుంటాడు. పిచ్చామె దొరికిందని" అన్నాడు ఫిలిప్.

మొగుడు ఎగతాళికి అన్నా, నిజమూ అదే.

*

మర్నాటికి షాహీదాబీ మాటలు జమ్మలమడుగులో అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. కింద కుప్పలు కుప్పలుగా కామెంట్లు. హీరో తలుపులు పీకిన ఇంటి ముసలమ్మ ఆత్మ ఉడుములో దూరిందని ఒకడు. కాదు, మునిగిపోయిన ఊరి ఆడవాళ్ళందరి ఉసురు అది అని ఇంకొకడు. డైరెక్టరు మామూలోడు కాదురా అని వంద మంది. పొద్దున్నే ప్రవీణ్ ఫోన్ చేశాడు.

"అక్కా, అది నువ్వు కావాలనే చేసినావా?"

"ల్యా నాయనా. తెలీకనే చెయ్యి పొయ్యింది."

"ఎవురితో అనొద్దు. నేను రాసిన సీనని చెప్పేసినా."

హెప్సిబాకు నవ్వొచ్చింది. పోనీ, పిల్లోడు కష్టపడ్డాడు, రాసుకోనీ అనుకుంది.

ఆ రోజు ఆమె అంగట్లో పని సాగలేదు. ముందు గదిలోనే మిషను, గోడకు వరసగా వేలాడే జాకెట్లు. హుక్సులకని వచ్చినవాళ్ళు, చేతులు వదులు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు, వచ్చిన పని మరిచి ఉడుము గురించే మాట్లాడారు. మాట్నీకి పోయేవాళ్ళు ఫిలిప్ ఆటోలోనే పోయారు. అతను తిరిగి వచ్చినప్పుడల్లా కిటికీలోంచి తల పెట్టి, "అంతా ఆడోళ్ళే మే. టికెట్లు ల్యావంటాండారు" అని చెప్పిపోయాడు. ప్రతిసారీ హెప్సిబా కాలు మిషను మీద రెట్టింపు వేగంగా ఆడింది. ఒక జాకెట్టు చేతిని తిరగేసి కుట్టేసి, మళ్ళీ విప్పుకుంది.

సాయంత్రం పక్కింటి వసంతమ్మ వచ్చింది. రోజూ వచ్చి కూచునే మనిషే. అప్పుడే సినిమా చూసి వస్తోంది. కళ్ళు ఇంకా తడిగా ఉన్నాయి.

"మనోహర్ ఎంత బాగా చేసినాడే హెప్సిబా! నీళ్ళల్లో దిగేటప్పుడు నాకు మా అమ్మ కండ్ల ముందర కనపడింది. మా అమ్మా అంతే, ఎడం పక్కకే దోపుకుంటాండె. మొగ పిల్లోనికి ఎట్ల తెలిసిందో!"

హెప్సిబా పళ్ళతో దారం కొరికింది. చెప్పేస్తే? వసంతమ్మ నమ్ముతుంది. కానీ వసంతమ్మకు చెబితే దీపాలు పెట్టే వేళకు ప్రొద్దుటూరులో కాశీవిశ్వనాథానికి తెలుస్తుంది.

"నేర్చుకోనుంటాడు లే" అంది.

"ఔనంట. ఇదో, ఇప్పుడే వచ్చింది చూడు" అని వసంతమ్మ ఫోన్ ముందు పెట్టింది.

ఫోన్లో మనోహర్ తన నాయన బట్టల అంగడి ముందు నిలబడి ఉన్నాడు. పక్కనే కాశీవిశ్వనాథం, సంతోషం పట్టలేక అటూ ఇటూ కదులుతున్నాడు. షరీఫ్ అడుగుతున్నాడు: అన్నా, ఆ చీర ఎగదోపుకునే సీను, ఆ ఐడియా ఎట్లొచ్చింది? మనోహర్ ఒక్క క్షణం తడబడ్డాడు. నాయన వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మా అమ్మను చూసి నేర్చుకున్న్యా. మా అమ్మ కృష్ణవేణమ్మ ఎట్ల నడుస్తాది, ఎట్ల నిలబడుతాది, అంతా అబ్జర్వ్ చేసినా. ఆ సీను మా అమ్మకే అంకితం."

వసంతమ్మ కళ్ళొత్తుకుంది. హెప్సిబా ఫోన్ తిరిగి ఇచ్చేసి, మిషను మీద గుడ్డ కప్పింది. ఆమెకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. తోలు కుట్టి ఇచ్చింది, పేరు అడగలేదు. ఎండలో ఉడికిపోయింది, పేరు అడగలేదు. కానీ ఆ నీళ్ళ ఒడ్డున చీర కూడగట్టుకున్నవి తన చేతులు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ రాయలేదు. ఇంతమంది ఆడవాళ్ళు చూసి, మా అమ్మ, మా అక్క, నేనూ అంటున్నది తననే. అదీ ఇంకొకరి ఖాతాలోకి పోతే, ఇక ఆ తోలులో తను ఉన్నట్టా, లేనట్టా?

ఆ రాత్రి అన్నాల వేళ ప్రవీణ్ మళ్ళీ ఫోన్ చేశాడు. రేపు పులివెందులలో సాయంత్రం ఆటకు ముందు ఉడుమును జనానికి చూపించాలట, తోలు తీసుకుని రావాలట.

"మనోహర్‌నే తొడుక్కోమను" అంది హెప్సిబా. "వాళ్ళమ్మను చూసి నేర్చుకున్న్యాడు గదా."

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. పులివెందుల్లో జనం లేకుంటే సోమవారం సినిమా తీసేస్తారంట. మూడు ఊర్లలో ఆడేది ఆగిపోతాది."

"వస్తా. నా పేరు చెప్తారా?"

"సినిమా నిలబడినాక చెప్తాంలే అక్కా."

నిలబడినాక ఎవరు చెబుతారు? ఆ సంగతి ప్రవీణ్‌కు తెలుసు, హెప్సిబాకూ తెలుసు. అయినా ఆమె రానని అనలేకపోయింది. ఉడుము సోమవారం చచ్చిపోతుందంటే మనసొప్పలేదు.

*

ఆదివారం సాయంత్రం పులివెందుల థియేటర్ ముందు రోడ్డు కనబడలేదు. అరటి లారీలు హారన్లు కొట్టి కొట్టి విసిగి, డ్రైవర్లు కూడా దిగి జనంలో కలిశారు. వేంపల్లె నుంచి షేర్ ఆటోల్లో ఆడవాళ్ళు చంకలో పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. ఎవరో ఉడుము మెడలో వేయడానికని అరటిపండ్ల దండ గుచ్చుకొచ్చారు. షరీఫ్ స్పీకరు కూడా పట్టుకొచ్చి గేటు పక్కన పెట్టాడు.

టికెట్లు ఇచ్చే గది వెనక హెప్సిబా ఒళ్ళంతా పౌడరు పూసుకుని తోలులోకి దిగింది. ముందు కాళ్ళు, తర్వాత నడుముకు తోక బెల్టు, ఆ తర్వాత చేతులు. వీపు భాగం తొడుక్కున్నాక ఎప్పటికప్పుడు కుట్టి మూయాల్సిందే. ఫిలిప్ సూది పట్టుకుని ఒక్కో కుట్టూ వేస్తుంటే, కింద, ఇంకా కింద, గట్టిగా లాగు అని చెబుతూ ఉంది. తలుపు తోసుకుని మనోహర్ వచ్చాడు. ఉడుము బయట ఉన్నంతసేపూ అతను బయట కనబడకూడదు. అందుకని ఆ గదిలోనే దాక్కోవాలి.

"అక్కా, కోపమా?"

"ఇంకో కుట్టు వెయ్యి" అంది హెప్సిబా ఫిలిప్‌తో.

"నాయన పక్కనే నిలబడుకోనుండాడు. షరీఫ్ అడిగేసినాడు. ఏం చెప్పాల్నో తెలీక అమ్మ పేరు చెప్పేసినా. తప్పే."

"తప్పని నాకు చెప్తే ఏమొస్తాది మనోహరూ? మైకులో చెప్పినావు కదా."

మనోహర్ తల దించుకుని, టికెట్ల రంధ్రం పక్కన స్టూలు మీద కూచున్నాడు. చెడ్డవాడేం కాదు. నాయనకు భయపడే మనిషి, అంతే. అయినా హెప్సిబాకు ఆ పూట జాలి రాలేదు. తల తగిలించుకుంది. దవడ కింద ఊపిరికి ఉంచిన సందులోంచి గట్టిగా గాలి పీల్చుకుని, తలుపు తీయించుకుని బయటికి పాకింది.

జనం గోలకు చెవులు గింగురుమన్నాయి. ఆ గోల వినగానే కోపం యాడికి పోయిందో పోయింది. మెట్ల మీదుగా పొట్ట మీద జారింది. గేటు పక్క గోడెక్కి, తల కిందికి వేలాడేసి నాలుక ఆడించింది. పిల్లలు కెవ్వుమని, మళ్ళీ దగ్గరికొచ్చి తోక ముట్టుకుని, మళ్ళీ కెవ్వుమన్నారు. లారీ డ్రైవరొకడు భుజం మీద చెయ్యేసి ఫోటో దిగాడు. దండ మెడలో పడింది. ఒక ముసలామె జనాన్ని తోసుకుని వచ్చి, "ఒకసారి దోపుకో నాయనా, చూసి పోతా, టికెట్టు దొరకల్యా" అని అడిగింది. హెప్సిబా వెనక కాళ్ళ మీద లేచింది. తొడల దగ్గర చేతులాడించి, కూడగట్టి, పైకి లాగి, ఎడమ పక్క దోపింది. రోడ్డంతా ఎగిరి గంతేసింది. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ అరిచారు. తన పాతికేళ్ళ కుట్టుపనిలో ఏ జాకెట్టుకూ ఎవరూ కొట్టని చప్పట్లు. తోలు లోపల ఆమె గట్టిగా నవ్వింది, ఎవరికీ వినబడకుండా.

అప్పుడు మొదలైంది. మనోహర్, మనోహర్, మనోహర్. ముందు కుర్రాళ్ళు అందుకున్నారు, తర్వాత అందరూ. హెప్సిబా చేతులు నడుము దగ్గరే ఆగిపోయాయి. ఈ సంబరమంతా తన చుట్టూనే జరుగుతోంది, తనకు కాక ఇంకొకరికి చెందుతోంది. చెమటో, కన్నీళ్ళో తెలియకుండా కళ్ళు మండాయి.

జనం చీలి కారుకు దారిచ్చారు. కాశీవిశ్వనాథం దిగాడు. వెనక కృష్ణవేణమ్మ దిగింది. పట్టుచీర, నిదానమైన నడక, చేతిలో ముడి వేసిన గుడ్డ.

"జరగండప్పా, తల్లి వచ్చింది! కొడుక్కు దిష్టి తీస్తాదంట!" అని షరీఫ్ మైకు పట్టుకుని పరుగెత్తాడు.

కృష్ణవేణమ్మ గుడ్డ విప్పి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లోకి తీసుకుంది. ఉడుము ముందు నిలబడి చెయ్యి తిప్పడం మొదలుపెట్టింది. పెదవులు ఆడుతున్నాయి. తిప్పడం అయ్యాక గుప్పిలి ఉడుము నోటి దగ్గర పెట్టి, ఉమ్ము నాయనా అని, ఊపిరి సందు తెరవడానికి కింది దవడ ఎత్తింది.

చెయ్యి అక్కడే నిలిచిపోయింది. మనోహర్‌కు దుబ్బు మీసం. ఆ సందులో కనబడిన పెదవి మీద మీసం లేదు.

ఇద్దరి మొహాల మధ్య జానెడు దూరం లేదు. కృష్ణవేణమ్మ ఇంకా ముందుకు వంగింది. జనానికి కొడుకును ముద్దు పెట్టుకుంటున్నట్టే ఉంది. ఓయ్ ఓయ్ అని అరిచారు.

"ఎవురమ్మా నువ్వు?" అంది మెల్లగా.

హెప్సిబాకు చివరికి అడిగే మనిషి దొరికింది. అయినా ఈమె మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. "మీ వాడే అనుకోని తీసేయండమ్మా. జనం చూస్తాండారు" అంది గొణుగుతూ.

"పేరు తప్పు చెప్పి తీస్తే వానికీ పోదు, నీకూ పోదు." కృష్ణవేణమ్మ గొంతు ఇంకా తగ్గించింది. "నేను పుట్టినాక చీర ఎగదోపుకోని నీళ్ళల్లో దిగింది ల్యా. మా ఇంట్లో వాకిలి కడిగేది కూడా ఇంకొకరే. నన్ను చూసి నేర్చుకున్న్యానని వాడంటే, ఎప్పుడు చూసినాడబ్బా అని నిన్న రెండాటలు వరసగా కూచోని చూసినా. అది నేను కాదు. వాడూ కాదు. నీ పేరేంది?"

"హెప్సిబా. జమ్మలమడుగు. బట్టలు కుడతా."

"హెప్సిబా" అని కృష్ణవేణమ్మ నాలుక తిరిగేలా ఒకసారి అనుకుంది.

"ఏమైంది కృష్ణవేణీ, కానీ" అన్నాడు కాశీవిశ్వనాథం వెనక నుంచి.

"పేరు కనుక్కుంటాండా."

"సొంత కొడుకు పేరు మరిచిపోతివా?" అని ఆయన నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. టికెట్ల రంధ్రంలోంచి బయటికి వచ్చిన నాలుగు వేళ్ళు చటుక్కున లోపలికి పోయాయి.

కృష్ణవేణమ్మ నవ్వలేదు. అప్పటిదాకా తిప్పిన ఉప్పూ మిరపకాయలూ కింద పడేసింది. గుడ్డలో మిగిలింది మళ్ళీ గుప్పిట నింపుకుంది. మొగుడి వైపు ఒకసారి చూసి, షరీఫ్ చేతిలోని మైకును తన నోటి దగ్గరికి జరుపుకుంది. మొదటి నుంచీ చెయ్యి తిప్పడం మొదలుపెట్టింది.

"ప్రొద్దుటూరు కండ్లు, జమ్మలమడుగు కండ్లు, పులివెందుల కండ్లు, వచ్చినోళ్ళ కండ్లు, రానోళ్ళ కండ్లు. ఈ ఉడుము తోలు కుట్టి, ఈ తోలులో నిలబడిన జమ్మలమడుగు హెప్సిబా మీద పడిన కండ్లన్నీ మంటల్లో పడిపోవాల."

స్పీకర్లో ఆ పేరు రోడ్డు అవతల లారీల దాకా పోయింది. కాశీవిశ్వనాథం గిర్రున తిరిగి జనంలో కొడుకు కోసం చూశాడు. ఆడవాళ్ళలో ఎవరో "హెప్సిబానా?" అన్నారు. ఇంకొకరు "హెప్సిబా" అన్నారు. టికెట్టు దొరకని ముసలామె ఇంకో రెండడుగులు ముందుకొచ్చి, ఉడుము మొహంలోకి పరీక్షగా చూసింది. గేటు పక్కన ఫిలిప్ చేతిలో సూది అట్లాగే ఉంది.

కృష్ణవేణమ్మ గుప్పిలి చాపింది. "ఉమ్ము తల్లీ."

దిష్టులు నమ్మడం తప్పని హెప్సిబాకు చిన్నప్పుడు చర్చి ఆదివారపు బడిలోనే నేర్పారు. రేపటికల్లా ఈ వీడియో పాస్టరు గారు కూడా చూస్తారు. ఆమె తన దవడ తానే ఎత్తి పట్టుకుని, అందరికీ కనబడేలా, మూడుసార్లు గట్టిగా ఉమ్మింది.